పన్ను లేదన్నారు, రిటర్న్ సంగతి చెప్పలేదు

కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ఛైర్మన్ గారికి,

12 లక్షల దాకా పన్ను లేదన్న కబురు 2025 బడ్జెట్ రోజునే ఊరూరా కొట్టుకొట్టుకూ చేరింది. కొత్త పన్ను విధానంలో ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ వేయాల్సిందేనన్న కబురు మాత్రం అంత దూరం రాలేదు. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవారికి పన్ను లెక్కలో పడి, 87ఏ సెక్షన్ రిబేటుతో రద్దవుతుంది. రిటర్న్ బాధ్యత అలాగే మిగులుతుంది. 2025-26లో 55 లక్షల అమ్మకాలున్న కిరాణా కొట్టునే తీసుకోండి. యజమానికి వేరే ఆదాయం లేదు, వేరే షరతులేవీ అతనికి వర్తించవు. డబ్బంతా యూపీఐ ద్వారా కరెంట్ అకౌంట్‌కు వస్తే, 44ఏడీ సెక్షన్ కింద కనీసం 6 శాతం, అంటే 3.30 లక్షలు లాభంగా చూపితే చాలు. రిటర్న్ తప్పనిసరి కాదు. అంతా నగదైతే 8 శాతం, అంటే 4.40 లక్షలు. పన్ను అప్పుడూ సున్నాయే. కానీ గడువు దాటితే వెయ్యి రూపాయల రుసుము పడుతుంది. రూపాయి పన్ను లేని మనిషి మీద అపరాధ రుసుమా అని అతను అడిగితే కౌంటర్‌లో ఎవరేం చెబుతారు?

అందుకే నా కోరిక ఒకటే. సెక్షన్ల వారీగా కాక, వృత్తుల వారీగా మార్గదర్శకాలు తెలుగులో ఇవ్వండి. వాటిని అధికారులు కట్టుబడి ఉండాల్సిన సర్క్యులర్‌గా జారీ చేయండి. సులువుగా చెబితే కచ్చితత్వం పోతుందని మీ న్యాయ విభాగం అనవచ్చు. ఆ భయం నిజమే. షేర్లో స్థలమో అమ్మినవారికి పై లెక్క పనికిరాదు, కొన్ని మూలధన లాభాలకైతే రిబేటే రాదు. ఆ హద్దును పేజీ మొదట్లోనే రాసి, అలాంటివారిని ఆడిటర్ దగ్గరకు వెళ్లమనండి. అసలు అందరూ ఆడిటర్ దగ్గరకే వెళ్లొచ్చు కదా అంటారేమో. సున్నా పన్ను తేల్చుకోవడానికి ఫీజు కట్టమనడం ఏం న్యాయం?

ఇక అధికారం చాలదన్న మాట నిలవదు. కిందివారికి ఆదేశాలిచ్చే అధికారం 1961 ఆదాయపు పన్ను చట్టం 119వ సెక్షన్ మీకు ఇచ్చింది. పన్ను చెల్లింపుదారుకు మేలు చేసే సర్క్యులర్లు శాఖను బంధిస్తాయని సుప్రీంకోర్టు కూడా చెప్పింది. పైగా ఇదేమీ కొత్త దారి కాదు. తెలియనితనాన్ని అధికారులు ఆసరాగా తీసుకోకూడదని, రావాల్సిన రాయితీలను వారే గుర్తుచేయాలని 1955 ఏప్రిల్ 11 నాటి 14వ సర్క్యులర్ ఆదేశించింది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. కరపత్రాలు, సూచనల పుస్తకాలు మళ్లీ అచ్చువేయక తప్పదు. ఆ అచ్చులో ఈ కిరాణా కొట్టు లెక్కకు ఒక పేజీ కేటాయించండి.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు