మా పిలగాండ్లను మొద్దులనే హక్కు ఎవరిచ్చిండ్రు?

జఫర్‌గఢ్ మండలంలో నేను పనిచేసిన ఒక బడిలో ఐదో తరగతి పిలగాడు ఒకడుండె. మాదిగవాడ పిలగాడు. పత్తి ఏరిన కూలి లెక్క నోటితోని అడిగితే నాకంటే ముందు చెప్పేటోడు. కిలోకింత, ఇన్ని కిలోలు, ముందుగాల తీసుకున్నది పోను చేతికెంత అంటే టక్కున చెప్పేది. అదే లెక్క బోర్డు మీద రాసి ఎక్కించుకోమంటే అంకెలు ఒకదాని కింద ఒకటి ఉండకపోవు. తెలుగు వాచకం తీస్తే మొదటి వరుసలో మొదలుపెట్టి మూడో వరుసలో తేలేటోడు. ‘వ’ అంటే ‘మ’ అనుడు, ఒత్తులు ఇడిచిపెట్టుడు. నేను వాడిని మొద్దు అన్న. రెండు దెబ్బలు గూడ వేసిన. ఈ మాట దాచుకుంటే ఈ నాలుగు ముక్కలు రాసే అర్హత నాకు లేదు.

మన పిల్లలకు చదువు రాకపోతే కారణం వెతికే అలవాటు మన బడులకు లేదు. కారణం ముందుగాలనే దొరికి ఉంటది. పటేలు కొడుకు వెనుకబడితే హన్మకొండకు తోల్కపోయి డాక్టరుకు చూపిస్తరు, ట్యూషన్ పెట్టిస్తరు. మాల, మాదిగ, డక్కలి పిలగాడు వెనుకబడితే "వాళ్లింట్ల ఎవడు చదివిండని వీడు చదువుతడు" అంటరు. మాట అక్కడితోని ముగుస్తది. మన కులాల నుంచి వచ్చిన సార్లం గూడ అదే పాట పాడుతున్నం. నేను పాడిన గద!

సతారా బడిలో అంబేద్కర్‌ను ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద దూరంగా కూర్చోబెట్టిండ్రు. ఇయ్యాల గోనెపట్టా పోయింది, వెనుక బెంచి వచ్చింది. నేను 1990లలో చదువుకున్నప్పుడు మా వాడ పిల్లలందరం వెనుకనే. నాకు బోర్డు మసకగ కనబడేది. అందరికీ అట్లనే కనబడుతదనుకున్న. టీచర్ ట్రైనింగుల చేరినంక దోస్తు కండ్లద్దాలు తమాషాకు పెట్టుకొని బయటికి చూస్తే, వేపచెట్టుకు ఆకులు విడివిడిగా ఉన్నయి! పదేండ్లు నేను చదివింది బోర్డు చూసి కాదు, పక్కోడి నోటుబుక్కు చూసి. దానికి గూడ తన్నులు తిన్న.

కనుక ముందు కండ్లద్దాల సంగతి. పాత మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏండ్ల పిల్లలు 4074 మందిని పరీక్ష చేసి 2002లో ఫలితాలు అచ్చువేసిండ్రు. అద్దాలు లేకుండ చూస్తే చూపు బాగా తగ్గినోళ్లు నూటికి 2.7 మంది. ఉన్న అద్దాలు పెట్టుకొని చూస్తే 2.6. అంటే అద్దాలు కావాల్సిన పిల్లల్లో దాదాపు ఎవరికీ అద్దాలు లేవన్నట్టు. చూపు తగ్గిన కండ్లలో 61 శాతానికి కారణం అద్దాలతోని సరయ్యే దోషమే. ఇగ ఒక కన్ను మందగించి రెండో కన్నుతోనే బతికే పిల్లలు వేరు. మనోళ్లు మెల్లకన్ను అదృష్టమంటరు. ఏం అదృష్టం? మంచి కన్నుకు రోజుకు కొన్ని గంటలు పట్టీ కట్టి మందగించిన కన్నుతోని పని చేయించే వైద్యం ఉంది. అది ఏడెనిమిదేండ్ల లోపల మొదలుపెడితేనే బాగ అక్కరకొస్తది. ఆడపిల్లకైతే ఇంకో అడ్డం: "అద్దాలు పెడితే సోడాబుడ్డి అంటరు, పెండ్లి కాదు" అని దాస్తరు.

మా పిలగాని సంగతి దీనికి అవతల ఉంది. స్కూలు హెల్త్ బండి వచ్చినప్పుడు వాడిని 20 అడుగుల దూరంలో నిలబెట్టి గోడ మీది అక్షరాలు అడిగిండ్రు. ఒక్కొక్కటే వేలుపెట్టి చూపిస్తే అన్నీ చెప్పిండు. "కండ్లు మంచిగున్నయి" అని రాసిండ్రు. ఇగ మాకు బలం దొరికింది. కండ్లు మంచిగున్నయంటే లోపం బుర్రలనే అనుకున్నం.

గోడమీది పరీక్ష అబద్ధం చెప్పలేదు. అది అడిగిందే తక్కువ. దూరం నుంచి ఒక్క అక్షరం కనబడుతదా అని అడిగింది. కిక్కిరిసిన పేజీలో వరుస తప్పకుండ అరగంట చదవగలడా అని అడగలేదు. కన్ను బొమ్మ పడతది, ఆ బొమ్మను అర్థం చేసుకునేది మెదడు. ఆ దారిలో ఇబ్బందుంటే అద్దాలు ఏం చేస్తయి?

ఒక కండ్ల డాక్టరమ్మ వాని తల్లిని కూర్చోబెట్టి కాన్పు గురించి అడిగింది. "ఆటోలనే అయింది అమ్మా. పుట్టంగనే ఏడ్వలే. నీలబడ్డడు" అన్నది తల్లి. కాన్పుల ఊపిరి అందకపోవుడు, నెలలు నిండక పుట్టుడు, పుట్టినంక రక్తంలో చక్కెర పడిపోవుడు, మెదడువాపు, ఇట్లాంటివి చూపు దారిని దెబ్బతీస్తయని చెప్పింది. సర్కారు దవాఖాన దూరమై, ఆటోలో ప్రసవించే తల్లి ఏ వాడ తల్లి? పుట్టుకే కారణమన్నోళ్లది ఒక విధంగ నిజమే, వాళ్లనుకున్న అర్థంలో కాదు.

ఇంట్లో, బడిలో గుర్తుపట్టే ఆనవాళ్లు ఉన్నయి. పుస్తకం ముక్కుకు ఆనించుకునుడు, తల వంచి చూసుడు, ఒక కన్ను మూసుకొని చదువుడు, సాయంత్రానికి తలనొప్పి. నోటితోని అడిగితే వచ్చి, రాయమంటే రాకపోవుడు. వేలు పెట్టకపోతే వరుస తప్పుడు. బట్టల కుప్పలో తన అంగీ దొరకకపోవుడు, మెట్లు దిగేకాడ తడబడుడు. వీటిలో ఏది కనబడ్డా రోగం ఉన్నట్టు కాదు, చూపించాలన్నట్టు.

మేము చేసింది పెద్దదేం కాదు. నోటుబుక్కు అట్ట తీసి ఒక్క వరుస కనబడేటంత సందు కోసిన. ఆ అట్ట పేజీ మీద పెట్టి జరుపుకుంట చదువుతడు. మిగతా వరుసలు కప్పబడి ఉంటయి. లెక్కలకు గండ్ల కాగితం, గడికొక అంకె. ముందు బెంచి. పాఠం పక్కపిల్ల చదివి వినిపిస్తది, జవాబు నోటితోని చెప్తడు. నాలుగు నెలలకు వాచకంలో ఒక పేజీ తనంత తాను చదివిండు. ఇప్పటికీ నిదానమే. అయినా చదువుతడు.

రంగు అద్దాలు పెడితే చదువొస్తదని, కండ్ల ఎక్సర్‌సైజులతోని డిస్లెక్సియా పోతదని వేలకు వేలు అడిగేటోళ్లుంటరు. అప్పుచేసి ఇయ్యకండి. అమెరికాలో పిల్లల డాక్టర్ల, కండ్ల డాక్టర్ల సంఘాలు 2009లోనే వాటికి రుజువు లేదని ప్రకటించినయి. డిస్లెక్సియా కండ్ల రోగం కాదు, దానికి ఓపికతోని వేరే పద్ధతిల చదివించుడే మందు.

ఒక సభలో మన తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, భూములు పోతున్నయి, బ్యాక్‌లాగ్ పోస్టులు నింపుతలేరు, నువ్వు కండ్ల గురించి మాట్లాడుతున్నవా?" మంచి ప్రశ్నే. రిజర్వేషన్ పోస్టుకు దరఖాస్తు పెట్టాల్నంటే పది పాసు కావాలె తమ్మీ. ఐదులనే బడి మానిపిచ్చి మేకలెంట తోలిన పిలగానికి ఏ పోస్టు, ఏ బ్యాక్‌లాగు?

చట్టం మన దిక్కే ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం చదువులో ఇబ్బందులను, చూసింది గ్రహించే లోపాలతో సహా, వైకల్యాల జాబితాలో చేర్చింది. వాటిని పిల్లల్లో తొందరగ గుర్తుపట్టి తగిన పద్ధతిల చదివించే బాధ్యత 16వ సెక్షన్ బడి మీద పెట్టింది. దయ కాదు, బాధ్యత. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏడాదికొకసారి బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి వైద్య బృందం రావాలె. లోపం కనబడితే జిల్లా కేంద్రానికి పంపాలె. వైకల్యం సర్టిఫికెట్ ఉండి, రాత ఇబ్బందైతే పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనం, రాసిపెట్టే మనిషి ఇయ్యాలె. సర్టిఫికెట్ రానోళ్లకు గూడ ముందు బెంచి, అట్టముక్క ఇయ్యడానికి ఎవరి సంతకం అక్కరలేదు.

ఒక్క జాగ్రత్త. ఈ పేరు మన పిల్లలకు ఇంకో ముద్ర కావొద్దు. "మెదడు లోపమంట" అని ఊరంతా చెప్పే సారు కొత్త కర్ర పట్టుకున్నట్టే.

అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ మీటింగుకు మన తల్లులు పోయినప్పుడు మూడు సంగతులు అడగాలె. వైద్య బృందం ఈ ఏడాది ఏ తారీఖున వచ్చింది? ఎవరెవరిని ఎక్కడికి పంపిండ్రు? పంపినోళ్లలో ఎంతమందికి అద్దాలు చేతికొచ్చినయి? రిజిస్టరు తెరిపించి చూడండి. చదవరాకపోతే మీ బిడ్డతోనే చదివించుకోండి, అట్టముక్క అవసరమైతే నేను కోసిస్త.