గుర్రము కొద్దీ రౌతు

రౌతు కొద్దీ గుర్రమన్నారు మన పెద్దలు. గుర్రము ఎంత మేలుజాతిదైనను వీపుమీద కూర్చున్నవాని నేర్పును బట్టియే దాని నడక యుండునని ఈ సామెతకు అర్థము. గుర్రమును గూర్చి చెప్పిన మాటయైనను దీనిని మనము గుర్రములకు వాడుట అరుదు. అధికారికి, గుమాస్తాకు, ఉపాధ్యాయునికి, తరగతికి దీనిని అన్వయించి సంతృప్తి పడుదుము. ఈ వ్యాసములో మేము దానిని దాని స్వస్థానమునకు, అనగా పందెపు మైదానమునకే తీసికొనిపోదలచినాము. అచ్చట ఈ సామెత తలక్రిందులైన విధము విద్యార్థి మిత్రులు తెలిసికొనదగినది.

అమెరికాలో కెంటకీ రాష్ట్రమున లూయీవిల్ అను నగరము కలదు. అక్కడి చర్చిల్ డౌన్స్ మైదానములో 1875 నుండి ఒక్క సంవత్సరమైనను తప్పకుండ కెంటకీ డెర్బీ అను పందెము జరుగుచున్నది. ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీని చూచి వచ్చిన మెరివెదర్ లూయిస్ క్లార్క్ అను ఆసామి దీనిని నెలకొల్పినాడు. మూడేండ్ల గుర్రములు మాత్రమే ఇందులో పరుగెత్తును. పందెము ముగియుటకు రెండు నిమిషములు పట్టును. ఆ రెండు నిమిషముల కొరకు లక్షమందికి పైగా జనము గుమిగూడుదురు. విజేతల జాబితా ఒకటి ఉన్నది. అందులో మొదటి వరుస గుర్రముది; తరువాతి వరుసలు రౌతుకు, శిక్షకునికి, యజమానికి. 1973లో సెక్రటేరియట్ అను గుర్రము ఒక నిమిషము 59 సెకండ్ల 2/5లో గమ్యము చేరినదని, అర్ధశతాబ్దము గడచినను ఆ వేగమును మరియొక గుర్రము అందుకొనలేదని పందెగాండ్రు తడుముకొనకుండ చెప్పుదురు. మలకపేట పందెములను ఎరిగిన మన హైదరాబాదు వారికి ఇట్టి జ్ఞాపకశక్తి కొత్త కాదు. కాని ఆ జాబితాలో రెండవ వరుసను శ్రద్ధగా చదివినవారు ఎందరని మా ప్రశ్న.

మొదటి పేరు చూతము. 1875 మే 17న జరిగిన తొలి డెర్బీలో 15 గుర్రములు పాల్గొన్నవి. గెలిచినది అరిస్టైడీస్ అను ఎర్రని చిన్న గుర్రము. దాని యజమాని ప్రైస్ మెక్‌గ్రాత్‌కు అదే పందెములో చెసపీక్ అను మరియొక గుర్రము కలదు. ఆయన ఆశలన్నియు దానిమీదనే. అరిస్టైడీస్ ముందు వేగముగా పరుగెత్తి తక్కిన గుర్రములను అలసింపజేయవలెను, చివరకు చెసపీక్ వచ్చి గెలువవలెను, ఇది పన్నుగడ. కాని చెసపీక్ ఎక్కడనో వెనుకబడిపోయినది. చివరి మలుపులో అరిస్టైడీస్ రౌతు గుర్రమును నిగ్రహించుచుండగా యజమాని చేయి ఊపి, పొమ్మని సైగ చేసినాడట. ఆ రౌతు పేరు ఆలివర్ లూయిస్, నల్లజాతివాడు. ఆ గుర్రమును తీర్చిదిద్దిన ఆన్సెల్ విలియంసన్ బానిసగా పుట్టి, అంతర్యుద్ధము తరువాత స్వేచ్ఛ పొందినవాడు. ఆనాడు పందెములో పాల్గొన్న 15 మంది రౌతులలో 13 మంది నల్లజాతివారే.

ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. దక్షిణ రాష్ట్రములలో గుర్రపుశాలల పని తరతరములుగా బానిసలదే. గడ్డి వేసినవారు, మాలీసు చేసినవారు, మచ్చిక చేసినవారు, తుదకు జీనుపై కూర్చుండి పందెములు గెలిచినవారు కూడ వారే. యజమాని ఆస్తి పట్టికలో గుర్రమునకు ఒక వెల, దానిని నడుపు మనిషికి ఒక వెల వ్రాసియుండెడిది. 1865లో బానిసత్వము పోయినది; విద్య మిగిలినది. ఆ విద్య ఫలమే తొలి 28 డెర్బీలలో 15 విజయములు నల్లజాతి రౌతులకు దక్కుట. 1892లో అజ్రాను గెలిపించిన ఆలన్జో క్లేటన్‌కు, 1895లో హాల్మాను గెలిపించిన జేమ్స్ పెర్కిన్స్‌కు అప్పటికి 15 ఏండ్లే. మన కళాశాలలో ఇంటర్మీడియటు మొదటి సంవత్సరమున చేరు పిల్లల వయస్సు! విల్లీ సిమ్స్ 1896లోను, 1898లోను గెలిచినాడు.

వీరందరిలో ఐజాక్ మర్ఫీ అగ్రగణ్యుడు. 1884లో బుకానన్, 1890లో రైలీ, 1891లో కింగ్‌మన్ అను గుర్రములపై ఆయన డెర్బీ గెలిచినాడు. మూడుసార్లు గెలిచిన మొదటి రౌతు, వరుసగా రెండేండ్లు గెలిచిన మొదటి రౌతు ఆయనయే. కొరడాను నమ్ముకొనక గుర్రము మనస్సెరిగి నడిపినవాడని, లంచమునకు లొంగని వాడని పేరు. కింగ్‌మన్ యజమానులలో ఒకడు, దాని శిక్షకుడు అగు డడ్లీ ఆలెన్ కూడ నల్లజాతివాడే యగుట విశేషము. మర్ఫీ 1896లో 35వ యేట మరణించినాడు. లెక్సింగ్టన్‌లో నల్లజాతివారి శ్మశానములో పూడ్చిన ఆయన సమాధి కాలక్రమమున ఎవరికిని ఆనవాలు తెలియక మరుగుపడినది. 1960ల వరకు దానిని వెదకిన నాథుడు లేడు. పట్టుదలగల ఒక పత్రికారచయిత వెదకి పట్టుకొనగా, 1967లో అస్థికలను తీసి మ్యాన్ ఓ వార్ అను సుప్రసిద్ధమైన గుర్రము సమాధి చెంత మరల పూడ్చినారు. ఆ గుర్రము మర్ఫీ చనిపోయిన 21 సంవత్సరములకు పుట్టినది. కెంటకీ డెర్బీలో ఎన్నడును పరుగెత్తలేదు. పిమ్మట రెంటిని కలిపి కెంటకీ అశ్వోద్యానమునకు మార్చినారు. మూడు డెర్బీలు గెలిచిన మనిషిని జనము తలచుకొనుటకు ఒక గుర్రము సమాధి ప్రాపు కావలసి వచ్చినది! మా శీర్షికకు మూలమిదియే.

మరి ఆ రౌతులందరు ఏమైనారు? 1902 తరువాత శతాబ్దము దాటినను విజేతల జాబితాలో నల్లజాతి రౌతు పేరు కనబడదు. దీనికి కొందరు సులువైన సమాధానములు చెప్పుదురు. వారు పల్లెలు విడిచి ఉత్తరాది నగరములకు పోయినారు, గుర్రములకు దూరమైనారు అనునది ఒకటి. తేదీలు చూచిన ఈ వాదము నిలువదు. ఆ మహావలస ఊపందుకొన్నది మొదటి ప్రపంచయుద్ధ కాలమున. మైదానములు ఖాళీయైనది అంతకు పది పదునైదేండ్ల ముందే. జూదమును నిషేధించు శాసనములు వచ్చి పందెపు మైదానములు మూతబడినవి, పని తగ్గినది అనునది మరియొకటి. నిజమే. కాని పని తగ్గినపుడు ముందుగా ఎవరి పని పోయినదో కూడ చెప్పవలెను గదా!

జరిగినది ఇది. పందెములలో ధనము పెరిగినది. రౌతు పని గౌరవమును, రాబడిని తెచ్చు వృత్తియైనది. 1896లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము జాతుల వేర్పాటు చట్టబద్ధమేనని ప్లెస్సీ కేసులో తీర్పు చెప్పినది. 1900 ప్రాంతమున మైదానములలో తెల్లరౌతులు కూడబలుకుకొని నల్లరౌతుల గుర్రములను కంచెకు నొక్కివేయుట, దారి మూయుట, కాళ్ళపై కొరడాతో కొట్టుట సాగించినారు. యజమానికి గుర్రము విలువైనది. దానికి గాయమగునను భయముతో నల్లరౌతును పిలుచుట మానినాడు. ఎవరును నిషేధపు ఉత్తరువు వ్రాయలేదు. వ్రాసియుండిన దానిని ఎదుర్కొనుటకు ఒక కాగితమైనను దొరికియుండెడిది.

1901లోను, 1902లోను గెలిచిన జిమ్మీ వింక్‌ఫీల్డ్ ఆ వరుసలో కడపటివాడు. 1903లో రెండవ స్థానము వచ్చినది. ఆ యేడే ఒక యజమానితో మాట తప్పినాడన్న తగవు కూడ వచ్చిపడినది. ఆయన తప్పు బొత్తిగా లేదని మేమనము. కాని ఆ కాలమున తెల్లరౌతు తగవు నెలలలో సమసిపోయెడిది, నల్లరౌతు తగవు బ్రతుకుతెరువునకే ఎసరు తెచ్చెడిది. 1904లో ఆయన రష్యా చేరినాడు. జారు చక్రవర్తుల రష్యాలో గొప్ప పందెములు గెలిచి ఐశ్వర్యమనుభవించినాడు. విప్లవము వచ్చిన పిదప 1919లో ఒడెస్సా నుండి రెండు వందలకు పైగా మేలుజాతి గుర్రములను తోలుకొని పోలండు చేరిన బృందములో ఆయన ఉన్నాడు. ఆకలికి తాళలేక దారిలో కొన్నిటిని చంపి తినవలసి వచ్చినదట. తరువాత ఫ్రాన్సులో స్థిరపడినాడు. రెండవ ప్రపంచయుద్ధమున అదియు చెదరి, స్వదేశమునకు వచ్చి రోడ్డుకూలీగా పనిచేసి, మరల ఫ్రాన్సు చేరినాడు. 1961లో డెర్బీ సందర్భమున లూయీవిల్‌లో జరిగిన విందునకు పిలుపు వచ్చినది. డెబ్బది తొమ్మిదేండ్ల ఆ మాజీ విజేతను, కుమార్తెను హోటలు ముంగిటి ద్వారమున నిలిపివేసినారు. తాము ఆహ్వానితులమని నచ్చజెప్పిన పిమ్మటనే లోనికి పోనిచ్చినారు.

గౌరవములు జరుగకపోలేదు. అమెరికా పందెముల కీర్తిమందిరము 1955లో మర్ఫీని, 1998లో విలియంసన్‌ను, 2004లో వింక్‌ఫీల్డ్‌ను చేర్చుకొన్నది. వింక్‌ఫీల్డ్ 1974లోనే కన్నుమూసినాడు. లెక్సింగ్టన్‌లో ఒక రహదారికి ఆలివర్ లూయిస్ పేరు పెట్టినారు. చర్చిల్ డౌన్స్ ఆవరణలో మాత్రము అరిస్టైడీస్ కంచు విగ్రహము ఎన్నడో నిలిచినది. ఇవి మంచివే, కాని చాలవని మా అభిప్రాయము. శిలాఫలకము చనిపోయినవానికి దక్కును. బ్రతికియున్న రౌతుకు కావలసినది గుర్రము.

2000 సంవత్సరమున మార్లన్ సెయింట్ జూలియన్ అను నల్లజాతి రౌతు కెంటకీ డెర్బీలో పాల్గొన్నాడు. 1921 తరువాత ఆ పందెమున నల్లజాతి రౌతు కనబడుట అదే మొదలు. ఆయన గుర్రము ఏడవదిగా వచ్చినది. విజేతల జాబితాలో ఆ సంవత్సరమునకు ఎదురుగా ఫుసాయిచీ పెగసస్ అను గుర్రము పేరున్నది.