దిబ్బరొట్టె గొప్పదే, సరే.. కాల్చేదెవరు?

మనవాళ్ళలో ఎవరైనా ఇంట్లో ఇంగ్లీష్ మఫిన్లు చేశానని ఫొటో పెడితే చాలు, గంట తిరక్కుండా రెండు రకాల సలహాలు వచ్చి పడతాయి. ఒకటి, "గంటకి ఇంత సంపాదించేవాడివి, ప్యాకెట్ కొనుక్కోక నాలుగ్గంటలు పిండి పిసకడమేంటి?". రెండోది, "మనకి దిబ్బరొట్టె ఉండగా తెల్లోడి రొట్టెలెందుకండీ? ఇలాగైతే మన సంస్కృతి ఏమైపోవాలి?".

మొదటి రకంతో నాకు పెద్ద పేచీ లేదు. ఆదివారం పూట క్రికెట్ చూసిన ఐదు గంటలకి వాళ్ళెవరికీ బిల్లు పంపరు కాబట్టి ఆ లెక్క వాళ్ళకే నిలవదు. నా గొడవంతా ఆ రెండో రకంతోనే.

ముందు ఆ వస్తువేంటో చూద్దాం. మఫిన్ అనగానే కాగితం గిన్నెలో పొంగిన కేకు అనుకునేరు, అది వేరు. ఇది ఈస్టు వేసిన రొట్టె, పైగా ఓవెన్ అక్కర్లేదు. మైదా 300 గ్రాములు, గోరువెచ్చని పాలు 200 మి.లీ., వెన్న 20 గ్రాములు, పంచదార రెండు చెంచాలు, ఉప్పు, ఇన్‌స్టంట్ ఈస్టు చెంచాడు. చేతికి కాస్త అంటుకునేలా కలిపి పది నిమిషాలు మర్దించాలి. గంటా గంటన్నరకి రెట్టింపవుతుంది. రెండు సెంటీమీటర్ల మందాన తట్టి, వెడల్పాటి స్టీలు గ్లాసుతో గుండ్రంగా కోసి, రెండువైపులా బొంబాయి రవ్వ అద్ది, ఇంకో అరగంట వదిలెయ్యాలి. ఆ తర్వాత మందపాటి ఇనప పెనం మీద, సన్నని సెగన, ఒక్కోవైపు ఏడెనిమిది నిమిషాలు. చల్లారాక చాకుతో కొయ్యకుండా ఫోర్కుతో చుట్టూ గుచ్చి విడదీస్తే లోపల గుంటలు గుంటలుగా ఉంటుంది. వెన్న నిలవడానికే ఆ గుంటలు.

ఇప్పుడు దిబ్బరొట్టె సంగతి. గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ. పప్పు నాలుగ్గంటలు నాని, గట్టిగా రుబ్బి, తడిపి పిండిన రవ్వ, జీలకర్ర, ఉప్పు కలిపి, కాసేపు పులియనిచ్చి, నూనె వేసిన ఇనప మూకుట్లో రెండంగుళాల మందాన పొయ్యాలి. మూతపెట్టి సన్నసెగన పావుగంట పైనే ఉంచి, తిరగేసి మళ్ళీ అంతసేపు. పైన ఎర్రటి కరకర, లోపల దూది. పక్కన చెరుకు పానకం ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. నానడమో పొంగడమో, ఓపిక, బరువైన ఇనుము, చిన్న మంట, ఒకేఒక్క తిరగెయ్యడం. మైదాలో గ్యాసుని పట్టి ఉంచేది గ్లూటెన్, ఇక్కడ ఆ పని మినప్పప్పు జిగురు చేస్తుంది. అక్కడ పొంగించేది ఈస్టు, మన పిండిలో ఎక్కువగా ల్యూకోనాస్టాక్ అనే బాక్టీరియా. లైబ్రరీలు మారాయి గానీ ఆల్గారిథమ్ ఒకటే. పెనం ముందు నిలబడి మంట చూసుకుంటూ మఫిన్ కాల్చడం వచ్చినవాడికి దిబ్బరొట్టె సగం వచ్చేసినట్టే. ప్యాకెట్ పిండితో ఇడ్లీ వేసుకుని సంస్కృతి గురించి ఉపన్యాసమిచ్చేవాడికి రెండూ రావు.

ఆ మఫిన్ కథ కూడా వినండి. 1874లో ఇంగ్లండు నుంచి అమెరికా వలసెళ్ళిన శామ్యూల్ బాత్ థామస్ 1880లో న్యూయార్క్‌లో బేకరీ పెట్టి దాన్ని అమ్మాడు. అంటే అదీ ఒక వలసవాడు వెంటపట్టుకెళ్ళిన ఊరి రొట్టే! ఆ బ్రాండు ఇప్పుడు బింబో బేకరీస్ వాళ్ళది. 2010లో వాళ్ళు కోర్టుకెళ్ళారు. ఆ గుంటలు ఎలా వస్తాయో పూర్తిగా తెలిసినవాళ్ళు కంపెనీ మొత్తంలో ఏడుగురేనట, అందులో ఒకాయన బొటిసెల్లా పోటీ కంపెనీ హోస్టెస్‌లో చేరబోతుంటే ఆపమన్నారు. కోర్టు ఆపింది, అప్పీల్లోనూ అదే తీర్పు నిలిచింది. రొట్టెలో గుంటలకి నాన్-కాంపీట్ స్థాయి గొడవన్నమాట.

మన ఫీల్డులో బస్ ఫ్యాక్టర్ అంటాం కదా, ఎంతమందిని బస్సు గుద్దితే ప్రాజెక్టు ఆగిపోతుంది అని. ఆ కంపెనీకి అది ఏడు. మీ ఇంటి దిబ్బరొట్టెకి ఎంత? చాలా ఇళ్ళల్లో ఒకటి. డెబ్బై దాటిన ఒక్క మనిషి. అక్కడ రహస్యమూ లేదు, లాయరూ లేడు, అడిగితే ఆవిడ సంతోషంగా చెప్తుంది. అడిగే దిక్కే లేదు. డాక్యుమెంటేషన్ లేని కోడుని తిడతాం, ఇక్కడ మాత్రం మౌనంగా తిని లేస్తాం.

అసలు మాటకొస్తాను. మాది ఆలమూరు. జొన్నాడ దగ్గర వంతెన మీద గౌతమి దాటితే రావులపాలెం, ఇంకాస్త ముందుకి అంబాజీపేట వైపు వెళ్తే పనసాకు పొట్టిక్కలు. తిండి గురించి మా వైపు మనిషిని కదిపితే ఆపడం కష్టం. కానీ ఆ మాటలన్నీ జాగ్రత్తగా వినండి, అన్నీ తిన్న జ్ఞాపకాలే. పప్పు గాలించిన జ్ఞాపకం, పొట్టు కడిగిన జ్ఞాపకం, రుబ్బురోలు ముందు గొంతుక్కూచుని పొత్రం తిప్పిన జ్ఞాపకం మగాళ్ళలో ఎంతమందికుంది? ఆ పని మామ్మది, అమ్మది. ఇష్టమా అని వాళ్ళనెవరూ అడగలేదు. ఆ చాకిరీకి మనం పెట్టుకున్న ముద్దుపేరు సంస్కృతి.

అందుకే "మనకి దిబ్బరొట్టె ఉండగా" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఉండటం అంటే ఏంటి? మీకు చేతనవునా, లేక మీకు చేసిపెట్టే మనిషి ఉందా? ఈ మాట ఎక్కువగా చివరికి ఎక్కడ తేలుతుందో తెలుసు కదా, "మా అమ్మ చేసినట్టు లేదు" అని, మీతోపాటే తొమ్మిదింటిదాకా స్టాండప్ కాల్స్‌లో కూచుని వచ్చిన ఆవిడ ముందు.

అలాగని ఆడవాళ్ళు ప్యాకెట్ పిండి కొనడం తప్పనట్లేదు. గ్రైండరొచ్చి రోలు మూలపడితే సంతోషించాల్సిందే. నడుం నొప్పిలో ఏ రుచీ లేదు. నేననేది ఒక్కటే, వద్దనుకుని మానెయ్యడం వేరు, ఎవరో చెయ్యాలని కూచోవడం వేరు.

మఫిన్ చేసే కుర్రాడు నాకు నచ్చేది ఇందుకే. వాడు వంటింట్లోకి వెళ్ళాడు. గిన్నెలూ వాడే తోమితే ఇంకా నచ్చుతాడు. మఫిన్ విషయంలో పోల్చడానికి అమ్మ లేదు కాబట్టి పాడైనా సిగ్గుండదు, నాలుగుసార్లు మాడ్చుకుని నేర్చుకుంటాడు. అలా మంట మీద చెయ్యి కుదిరాక, వాడికి ఊళ్ళో మూకుడు గుర్తొస్తుంది. తెల్లోడి రొట్టె వాణ్ణి మననుంచి తీసుకుపోవట్లేదు, దొడ్డిదారినైనా వంటింట్లోకి తీసుకొస్తోంది.

కాబట్టి సంస్కృతీ పరిరక్షకులకి చిన్న టాస్కు. ఈ వారాంతం ఇంటికి ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగాక ఇంకో నాలుగు ప్రశ్నలు వెయ్యండి. పప్పెంత, రవ్వెంత, ఎంతసేపు నానాలి, తిరగెయ్యాలని ఎలా తెలుస్తుంది? నాలుగోదానికి గ్రాముల్లో నిమిషాల్లో జవాబు రాదు, "అంచు మూకుడుని వదుల్తుందిరా" లాంటిదేదో వస్తుంది. అది రాసుకోండి. పప్పు మీరే నానబెట్టండి, మీరే కాల్చండి, మొదటి ముక్క ఇంట్లోవాళ్ళకి పెట్టండి. ఆ తర్వాత మఫిన్లని ఎంత తిట్టినా నాకు అభ్యంతరం లేదు.