ఇంటి లెక్కలు: పాత లెన్సుకు కొత్త బాడీ

క్రిందటి సంచికలో బంగారం తాకట్టు అప్పుల గురించి రాసిన దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఒకటి మాత్రం తాకట్టుకు సంబంధించినది కాదు. షోలాపూరులో స్థిరపడిన మన సోదరి ఒకరు ఇలా రాశారు: "అన్నయ్యగారూ, మావారు వచ్చే ఏడు రిటైరవుతున్నారు. ముప్ఫై ఏళ్ళ క్రితం కొన్న ఫిల్ము కెమెరా, మూడు లెన్సులు బీరువాలో ఉన్నాయి. ఇప్పుడు డిజిటల్ ఎస్సెల్లార్ కొనుక్కుంటానంటున్నారు. ఏది కొనమంటారు? ఉన్న లెన్సులు పనికొస్తాయా, పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యాలా?"

నేను ఫోటోగ్రాఫర్ని కాను. బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. కానీ ఈ విషయంలో ఫీజు కట్టి మరీ నేర్చుకున్న పాఠం ఒకటుంది కనుక జవాబు రాయడానికి ధైర్యం చేస్తున్నాను. ముందే ఒక మాట. లెన్సుని మన తెలుగులో కటకం అంటారు. "మీ పాత కటకం ఏం చేశారు?" అని నేను రాస్తే మా ఒడిశా తెలుగువాళ్ళు కటక్ పట్టణం అనుకునే ప్రమాదం ఉంది. అందుచేత లెన్సు అనే రాస్తాను.

1995లో వేతన ఒప్పందం కుదిరి అరియర్స్ చేతికి వచ్చినప్పుడు, ఇంట్లో ఫ్రిజ్ కొందామంటుంటే వినకుండా ఒక ఎస్సెల్లార్ కెమెరా కొన్నాను. తరువాత 50 మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, 35-70 జూమ్ ఒకటి సంపాదించాను. పిల్లల బారసాలలు, చెల్లెలి పెళ్ళి, నాన్నగారి షష్టిపూర్తి అన్నీ వాటితో తీసినవే. రీలుకి 36 ఫోటోలు. స్టూడియోలో ఇచ్చి, మూడో రోజున మాక్సీ సైజు ప్రింట్ల కవరు తెచ్చుకుని ఇంటిల్లిపాదీ చుట్టూ మూగి చూసేవాళ్ళం.

2013లో అమ్మకు ఎనభై నిండాయి. ఆ సందర్భానికి డిజిటల్‌కి మారిపోదామనుకున్నాను. లెన్సులు ఉన్నాయి కదా, బాడీ ఒక్కటీ కొంటే చాలు, అదీ ఆ కంపెనీ వాటిలో అన్నిటికంటే చవకది చాలు అని నా లెక్క. దుకాణంలో కుర్రాడిని "నా పాత లెన్సు దీనికి పడుతుందా?" అని అడిగాను. తగిలించి చూపించాడు. చక్కగా పట్టింది. డబ్బు కట్టి వచ్చేశాను. నేను అడగవలసిన ప్రశ్న "పడుతుందా" అని కాదు, "పనిచేస్తుందా" అని. ఈ రెంటికీ మధ్య ఎంత దూరముందో తరువాత తెలిసింది.

పుట్టినరోజుకి ఇచ్ఛాపురం నుంచి పెద్ద మామయ్య, విజయనగరం నుంచి దొడ్డమ్మ, పర్లాకిమిడి నుంచి పిన్ని వచ్చారు. అమ్మతో కలిపి నలుగురు తోబుట్టువులూ ఒకచోట చేరి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. హాల్లో వరసగా కూర్చోబెట్టాను. కెమెరాలో మీటరు పనిచెయ్యలేదు. పాత కెమెరాలో మధ్యన గీత కలిసేదాకా తిప్పి ఫోకస్ చేసేవాణ్ణి, ఇందులో ఆ గీత లేదు. నలుగురూ పట్టడం లేదని వెనక్కి జరిగితే గోడ తగిలింది. గదిలో వెలుగు చాలదని లెన్సుని పూర్తిగా తెరిచాను. ఊహ మీద పది పన్నెండు ఫోటోలు తీశాను. వెనక అగ్గిపెట్టెంత తెర మీద అన్నీ బాగానే కనిపించాయి. వారం తరువాత పటం కట్టించడానికి స్టూడియోకి ఇస్తే అసలు సంగతి బయటపడింది. మామయ్య మీసం వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. కొంచెం ముందుకి కూర్చున్న అమ్మ, దొడ్డమ్మల ముఖాలు మాత్రం మసక. ఒక్కదానిలోనూ నలుగురూ సరిగ్గా లేరు.

ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు కెమెరా అటూ ఇటూ తిప్పి చూసి, "మామయ్యా, ఈ లెన్సూ ఈ బాడీ పక్కపక్కన కూర్చుంటాయి గానీ మాట్లాడుకోవు" అన్నాడు. మళ్ళీ తీద్దామంటే దొడ్డమ్మ ఆ మరుసటి ఉగాది చూడలేదు.

ఇంక అసలు విషయానికి వద్దాం. సోదరికీ, వారి శ్రీవారికీ నా మొదటి సలహా: కెమెరా చూడ్డానికి బజారుకి వెళ్ళకండి, ముందు బీరువా తెరవండి. లెన్సులు బయటికి తీసి వాటి మీద ఏం రాసి ఉందో కాగితం మీద ఎక్కించండి. బాడీని ఎన్నుకోవలసింది ఆ కాగితమే.

అవి నికాన్ లెన్సులైతే, ఆ కంపెనీ 1959లో పెట్టిన అమరికనే తన డిజిటల్ ఎస్సెల్లార్లలోనూ ఉంచింది. అందుకే పాతవి చాలావరకు "పడతాయి". అయితే మూడు వేలు, అయిదు వేల వరసలోని చిన్న బాడీలలో, అంటే డి3200, డి5300 వంటి వాటిలో, చేత్తో ఫోకస్ చేసే పాత లెన్సు పెడితే మీటరు పనిచెయ్యదు. తొలితరం ఆటోఫోకస్ లెన్సులకి బాడీలోనే మోటారు ఉండాలి, అది కూడా వాటిలో లేదు. డి7000, డి7100, డి7200లలో మోటారూ ఉంది, పాత లెన్సుల మీటరింగూ ఉంది. 2017లో వచ్చిన డి7500లో మోటారు ఉంచి ఆ మీటరింగు తీసేశారు. అంకె పెద్దదైనంత మాత్రాన మనకి మేలని కాదు. 1977కి ముందు తయారైన లెన్సులైతే మార్పించకుండా తగిలించవద్దు, బాడీ అంచున ఉండే చిన్న మీట దెబ్బ తినవచ్చు.

కానన్ వారు 1987లో అమరికనే మార్చేశారు. ఆ సంవత్సరం నుంచి వచ్చిన ఈ.ఎఫ్. లెన్సులు ఆ కంపెనీ డిజిటల్ ఎస్సెల్లార్లన్నిటికీ పడతాయి, పనిచేస్తాయి కూడా. అంతకు ముందువైన ఎఫ్.డి. లెన్సులు పడవు. పెంటాక్స్ వారి 1975 నాటి కె లెన్సులు వారి డిజిటల్ ఎస్సెల్లార్లకి పడతాయి. మరీ పాతవైతే సెట్టింగుల్లో ఒక మార్పు చేసుకుని, ఆకుపచ్చ బొత్తాం నొక్కి వెలుగు కొలుచుకోవాలి. మినోల్టా వారి 1985 తరువాతి ఆటోఫోకస్ లెన్సులు సోనీ ఎ మౌంటు బాడీలకి పడతాయి. కాకపోతే ఆ బాడీలు ఇప్పుడు పాతవాటిలోనే దొరుకుతాయి. ఇక లెన్సు ఊడిరాని చిన్న కెమెరాలు, అందరిళ్ళలో ఉండే ఆ పాత యాషికాల లాంటివి అయితే ఏ చిక్కూ లేదు, మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు.

రెండవ లెక్క సెన్సారుది. ఫిల్ము మీద ఒక్కొక్క బొమ్మ 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. డిజిటల్ ఎస్సెల్లార్లలో మామూలు ధరకి వచ్చే వాటి సెన్సారు సుమారు 24 మి.మీ. వెడల్పు, 16 మి.మీ. ఎత్తు. అంటే లెన్సు చూపించే దృశ్యంలో నడిమి ముక్కే మనకి దక్కుతుంది. లెన్సు అంకెని ఒకటిన్నరతో హెచ్చవేసుకోండి (కానన్‌కి 1.6తో). 50 లెన్సు 75లా, 28 లెన్సు 42లా చూస్తుంది. నా 35-70 జూమ్ కాస్తా 52-105 అయి కూర్చుంది. ఆ రోజు నా వీపుకి గోడ తగలడానికి కారణం ఇదే. ముఖాలు దగ్గరగా తీయడానికి ఇది లాభం, ఇరుకు గదిలో కుటుంబ ఫోటోకి నష్టం. ఫిల్మంత సెన్సారు ఉండే డి610, డి750 వంటి బాడీలలో ఈ బాధ లేదు, బరువూ ధరా మాత్రం ఎక్కువ.

కాబట్టి పాత లెన్సులు ఎన్ని ఉన్నా, చిన్న సెన్సారు బాడీ కొంటే దానికోసం చేసిన 18-55 లెన్సు ఒకటి తప్పదు. తీర్థయాత్రకీ, గృహప్రవేశానికీ అదే చాలు. దానికి తోడు వెలుగు బాగా రానిచ్చే లెన్సు ఒకటి, ఎఫ్ 1.8ది, ఉంటే మంచిది. నికాన్‌లో 35 లెన్సు, కానన్‌లో 50 లెన్సు ఈ కోవలోవి. మా బరంపురంలో రెండేళ్ళకొకసారి జరిగే ఠాకురాణి యాత్రలో రాత్రివేళ పులివేషాలు తీయాలంటే 18-55 జూమ్ చివరికి లాగితే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్ 1.8 అయితే దానికంటే దాదాపు పది రెట్లు వెలుగు వస్తుంది. అయితే అంతగా తెరిస్తే ఒక్క వరసే స్పష్టంగా ఉంటుంది, ముందూ వెనకా మసకబారుతుంది. నలుగురిని కూర్చోబెట్టినప్పుడు ఎఫ్ 5.6, లేదా ఎఫ్ 8 పెట్టండి. వెలుగు చాలకపోతే ఐ.ఎస్.ఓ. పెంచండి. ఫిల్ములో రీలంతా ఒకే స్పీడు, ఇందులో ఫోటో ఫోటోకీ మార్చుకోవచ్చు. ఈ సంగతి ఆ రోజు నాకు తెలిసి ఉంటే!

మెగాపిక్సెళ్ళ గురించి బెంగ వద్దు. 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ఉన్న పటానికి అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600ని 2400తో హెచ్చవేస్తే 86 లక్షలు, అంటే 8.6 మెగాపిక్సెళ్ళు. పదేళ్ళ నాటి బాడీలో కూడా అంతకు మించే ఉంటాయి.

మా బ్యాంకు భాషలో చెప్పాలంటే బాడీ ఏటేటా తరుగుదల రాసుకోవలసిన యంత్రం, లెన్సు స్థిరాస్తి. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడినట్లు, బాడీకే ఉన్నదంతా పోసి లెన్సు దగ్గర చెయ్యి బిగబట్టవద్దు. వంద రూపాయల్లో నలభై బాడీకి, నలభై అయిదు లెన్సులకి, మిగిలిన పదిహేను రెండో బ్యాటరీకి, కార్డులకి, ఫోటోలు దాచే డిస్కుకి అనుకోండి.

కొత్తదా, పాతదా? నికాన్, కానన్ కంపెనీలు 2020 తరువాత కొత్త ఎస్సెల్లార్ నమూనాలు తేలేదు. వారి దృష్టంతా అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల మీదే ఉంది. డబ్బుకి వెనకాడనివారు, లెన్సులు కూడా కొత్తవే కొనదలచినవారు వాటికే వెళ్ళడం మంచిది. చేత్తో తిప్పే పాత లెన్సులని కూడా అడాప్టరు పెట్టి, బొమ్మని పెద్దది చేసి చూసుకుంటూ వాటి మీద వాడుకోవచ్చు. కానీ పరిమితమైన డబ్బుతో మంచి లెన్సులు సమకూర్చుకోవాలనుకునే పెన్షనరుకి వాడిన ఎస్సెల్లార్ ఇప్పుడు చవక బేరం. కొనేటప్పుడు షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. కారుకి కిలోమీటర్ల లెక్క ఎలాగో దీనికి ఇది అలాగ. లెన్సులోకి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడులా దారాలు కనిపిస్తే అది బూజు. చెన్నై, యానాం, మా బరంపురం లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఇది సర్వసాధారణం. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడమే దీనికి మూలం, ఎందుకంటే తోలు చెమ్మని పట్టి ఉంచుతుంది. మూత గట్టి డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి, నెలకొకసారైనా తీసి వాడండి. బీరువాలోని మీ లెన్సులకి కూడా ఈ టార్చి పరీక్ష ముందు చేయండి. బూజు బాగా పట్టి ఉంటే ఇంతసేపూ చెప్పిన లెక్కలన్నీ మారిపోతాయి.

అలవాట్లు రెండు మార్చుకోవాలి. నెగటివ్ రీలు కాస్త ఎక్కువ వెలుగు పడినా సర్దుకుపోయేది, మంచి ఖాతాదారుడికి ఓవర్‌డ్రాఫ్టు ఇచ్చినట్లు. డిజిటల్ ఆ సౌకర్యం ఇవ్వదు. తెల్ల పంచె, పట్టుచీర జరీ ఒకసారి తెల్లగా పేలిపోతే మళ్ళీ రాబట్టలేము. కొంచెం తక్కువ వెలుగుతో తీయడమే క్షేమం. రెండవది, ఇందులో నెగటివ్ కవరు ఉండదు. ప్రతి ఫోటోకీ రెండు నకళ్ళు, వేరువేరు డిస్కుల మీద, వీలైతే వేరువేరు ఇళ్ళలో ఉంచండి. మంచివి ప్రింట్లు వేయించండి.

ఆఖరుగా ఒక్క మాట. కొత్త కెమెరా శుభకార్యానికి నెల రోజుల ముందే కొనండి, ముందు రోజు కాదు. ఇంట్లోనే, రాత్రి దీపం వెలుగులో, ఇంటివాళ్ళని కూర్చోబెట్టి తీసి, పెద్ద సైజు ప్రింటు వేయించి చూడండి. చిన్న తెరని నమ్మవద్దు.

నేను ఆ తరువాత నా లెన్సులకి తగిన బాడీ మార్చుకున్నాను. అమ్మ చివరి అయిదేళ్ళ ఫోటోలు దానితో తీసినవే, అన్నీ బాగా వచ్చాయి. తోబుట్టువులు నలుగురి ఫోటో మాత్రం హాల్లో పటం కట్టలేదు. మాక్సీ సైజులో ఆల్బంలోనే ఉంది. ఆ సైజులో చూస్తే నలుగురూ బాగానే కనిపిస్తారు.

షోలాపూరు సోదరీ, లెన్సుల పేర్లు రాసి పంపండి, ఏ బాడీ కుదురుతుందో చూద్దాం. అంతవరకు పాత సామాన్లవాణ్ణి గుమ్మం దగ్గరే ఆపండి.

వచ్చే సంచికలో రిటైరయ్యాక వచ్చే డబ్బు సర్దుబాటు గురించి ముచ్చటించుకుందాం. శలవు.