ఎవరు ఎవరికి బాకీ?

మొన్న మన జంషెడ్‌పూర్‌లోని కదమాలో తెలిసినవాళ్లింట్లో కూర్చున్నాను. చాయిబాసా వైపు పల్లె నుంచి ఒక తండ్రి వచ్చి, ఆ ఇంట్లో పనిచేస్తున్న కూతుర్ని తీసుకెళ్తానన్నాడు. ఇంటాయన లెక్కల పుస్తకం తెరిచారు. పెద్ద కూతురి పెళ్లికిచ్చిన అడ్వాన్సు, పిల్ల చెప్పులు, జ్వరం మాత్రలు, బస్సు చార్జీ వరుసగా రాసున్నాయి. పిల్ల తోమిన అంట్లు, ఉతికిన బట్టలు ఏ పేజీలోనూ లేవు. "నా డబ్బు తీర్చి తీసుకెళ్లు" అన్నారాయన. నేను నోరు మెదపలేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

ఇలాంటి లెక్కే ఒకప్పుడు ఒక దేశం వేసింది. 1833లో బానిసత్వం రద్దు చేస్తూ బ్రిటన్ 2 కోట్ల పౌండ్ల పరిహారం ప్రకటించింది, యజమానులకు! విడుదలైన సుమారు 8 లక్షల మందికి చిల్లిగవ్వ దక్కలేదు. పైగా 'అప్రెంటిస్' పేరుతో 1838 దాకా వాళ్లచేత ఊడిగం చేయించారు. ఆ పరిహారం కోసం చేసిన అప్పు 2015కి గానీ తీరలేదు.

ఆ పరిహారంలో లక్ష పౌండ్లకు పైగా అందుకున్న యజమాని జాన్ గ్లాడ్‌స్టన్, గయానాలోని తన తోటలకు కూలీలు కావాలని కలకత్తాకు జాబు రాశాడు. 1838 జనవరిలో విట్బీ, హెస్పరస్ ఓడలెక్కినవాళ్లలో ఎందరో ఈ ఛోటానాగపూర్ కొండబిడ్డలే. ఆ రోజుల్లోనే కోరంగి రేవు నుంచి మన తెలుగువాళ్లు మారిషస్ చెరకు తోటలకు తరలిపోయారు.

ఈ ఛోటానాగపూర్‌లోనే అప్పుకింద తాకట్టుపడ్డ మనిషిని కామియా అన్నారు. తెలుగునాట వెట్టి అన్నాం. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ బాకీలన్నీ చెల్లిపోయాయంది. మళ్లీ వసూలు చేస్తే మూడేళ్ల దాకా జైలంది. అడ్వాన్సు చూపించి మనిషిని కదలనివ్వకపోతే అదీ వెట్టే.

అన్నల్లారా, అక్కల్లారా! శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి మన తాతలు ఈ ఊరొచ్చింది చేసిన పనికి నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుందని. ఆ జీతంతోనే మనం చదువుకున్నాం, నిలబడ్డాం. మన వంటింట్లో, మన కాంట్రాక్టు పనిలో, మన ఇటుక బట్టీలో ఇంకొకరి బిడ్డకు అదే జీతం ఎగ్గొడితే తాతల చెమటకు ద్రోహం చేసినట్టే. రామమందిరంలో చేతులు జోడించే ముందు ఒక్కసారి ఇంట్లో పుస్తకం తెరవండి. ఇచ్చింది రాసిన పేజీకి ఎదురుగా, తీసుకున్నది కూడా రాయండి.

నేను కదమాకు మళ్లీ వెళ్తున్నాను. ఆ పిల్ల చేసిన చాకిరీ రోజులవారీగా లెక్కకట్టే దాకా ఈసారి లేచి రాను.