పేరు గోడమీద.. పునాది నేలకింద!

ఆదివారం పొద్దున్నే సికింద్రాబాద్‌లో నడిచి చూడండి. క్లాక్‌టవర్ నుంచి ఎటు కదిలినా ఏదో ఒక చర్చి గంట వినిపిస్తుంది. ఒకచోట ఇంగ్లిష్ ఆరాధన, ఇంకోచోట తెలుగు కీర్తన, మరోచోట తమిళ ప్రార్థన. గేటు బయట చెప్పులు, స్కూటర్లు, తెల్లచీరల్లో అమ్మమ్మలు. ఇదంతా మనకు అలవాటైన దృశ్యమే.

కొన్నేళ్ల క్రితం అలాంటి ఒక ఆదివారమే ఓ మిత్రుడు నన్ను వాళ్ల చర్చికి తీసుకెళ్లాడు. ఏ చర్చో చెప్పను. చెబితే వాళ్లు నొచ్చుకుంటారు, చెప్పకపోయినా చాలామంది తమదే అనుకుంటారు! ఆరాధన అయ్యాక సంఘపెద్దల సమావేశం. కొత్త హాలు కడుతున్నారు. డబ్బు సమకూరింది, మేస్త్రి కుదిరాడు, ప్లాను గీసేశారు. ఆగిందల్లా ఒక్కదాని దగ్గరే... శంకుస్థాపన ఫలకం మీద ఎవరి పేరు ఉండాలి? పాస్టరుగారిదా, కమిటీ అధ్యక్షుడిదా, ఎక్కువ విరాళమిచ్చిన కుటుంబానిదా? పేర్లు ఏ వరసలో ఉండాలి? అక్షరాలు ఎంత పెద్దవి? గంటన్నర గడిచింది. గొంతులు పెరిగాయి. పాత తగాదాలు పైకొచ్చాయి. ఎవరి తాత ఎప్పుడు ఏ ఇటుక ఇచ్చాడో కూడా లెక్కలు తేలాయి.

అంతవరకూ మూలన కూర్చున్న ఒక పెద్దాయన లేచారు. వయసులో ఉన్నప్పుడు తాపీపని చేసినాయన. ''అయ్యా, ఒక్కమాట. మీరు కొట్లాడుతున్నది పునాది గురించి కాదు. అది గోడకు అతికించే పలక. ఊడిపోయినా హాలు పడిపోదు. అసలు పునాది తవ్వేటప్పుడు మీలో ఎవరొస్తారో చెప్పండి'' అన్నారు. అంతా నిశ్శబ్దం. ఆ మాట నన్ను ఇంటిదాకా వెంటాడింది.

క్రైస్తవ సంఘానికి పునాది ఏమిటి అని అడిగితే ఏ విశ్వాసైనా తడుముకోకుండా 'క్రీస్తే' అంటాడు. అంత సులువైన జవాబు. మరి అంత సులువైన మాటను పౌలు ఎందుకు రాయాల్సి వచ్చింది? అదే అసలు కథ.

* * *

గొడవలోంచి పుట్టిన మాట

క్రీస్తుశకం 55 ప్రాంతం. గ్రీసు దేశంలోని కొరింథు.. రెండు రేవుల నడుమ ఉన్న వ్యాపార నగరం. మన సికింద్రాబాద్ లాగే నానాజాతులూ కలిసిన ఊరు. అక్కడ పౌలు ఒక చిన్న సంఘాన్ని మొదలుపెట్టి వెళ్లాడు. ఆ తర్వాత అపొల్లో అనే మంచి వక్త వచ్చాడు. కొంతకాలానికి కబురు అందింది... సంఘం ముక్కలవుతోందని! నేను పౌలు మనిషినని ఒకరు, అపొల్లో మనిషినని ఒకరు, పేతురు మనిషినని ఇంకొకరు. క్రీస్తు మనుషులం మేమేనని మరో జట్టు.

ఆ కబురు విని పౌలు రాసిన ఉత్తరమే కొరింథీయులకు మొదటి పత్రిక. మూడో అధ్యాయంలో ఆయన మేస్త్రి భాష మాట్లాడతాడు. నేను పునాది వేశాను, పైన కడుతున్నది వేరొకరు అంటాడు. ఆ పునాది యేసుక్రీస్తే, దాన్ని తీసేసి వేరొకటి వేయడం ఎవరి వల్లా కాదంటాడు. అక్కడితో ఆగడు. దానిమీద బంగారం పెట్టి కట్టేవాళ్లుంటారు, గడ్డి పెట్టి కట్టేవాళ్లుంటారు, ఏది ఏమిటో నిప్పే తేలుస్తుందని హెచ్చరిస్తాడు.

అంటే ఆ వాక్యం గోడమీద అందంగా రాసుకోవడానికి పుట్టింది కాదన్నమాట. 'నా పేరు, నా జట్టు' అని కొట్లాడుకుంటున్న వాళ్లను కూర్చోబెట్టి చెప్పిన మాట. తన పేరు చెప్పుకుని ఊరేగుతున్నవాళ్లకు కూడా పౌలు అదే చెప్పాడు.. నేను పునాదిని కాను, పనివాణ్ని!

ఇక్కడో ప్రశ్న వస్తుంది. పేతురును చూసి, ఈ బండ మీద నా సంఘం కడతానని యేసు అన్నట్టు మత్తయి సువార్త పదహారో అధ్యాయంలో ఉంది కదా? పేతురు అనే పేరుకు అర్థమే రాయి. అరామిక్‌లో కేఫా. మరి పునాది పేతురా, క్రీస్తా? శతాబ్దాల నాటి వాదన ఇది. పేతురుకు దక్కిన ఆ స్థానమే పోప్‌కు సంక్రమించిందని క్యాథలిక్కులు నమ్ముతారు. పేతురు ఒప్పుకున్న విశ్వాసమే ఆ బండ అని ప్రొటెస్టెంట్లలో చాలామంది అంటారు. నాలుగు, అయిదు శతాబ్దాల నాటి అగస్టీను మొదట పేతురే బండ అని రాసి, తర్వాత క్రీస్తే బండ అని వివరించి, చివరికి ఏది సబబో పాఠకులే తేల్చుకోండని వదిలేశాడు. అంతటి పండితుడు! అయితే ఒక్క విషయంలో ఇరువర్గాలకూ పేచీ లేదు. పేతురుకు ఎంత పెద్దపీట వేసినా మూలరాయి మాత్రం క్రీస్తే.

* * *

పటాలాలు వెళ్లిపోయాక...

ఇక మన ఊరికి వద్దాం. సికందర్ జా పేరుమీద 1806లో వెలసిన ఊరు సికింద్రాబాద్. బ్రిటిష్ కంటోన్మెంట్. సైన్యం వెంట చర్చీలూ వచ్చాయి. సెయింట్ జాన్స్ చర్చి 1813 నాటిది. బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. దానికి విక్టోరియా రాణి సొంత సొమ్ము ఇచ్చారని చెబుతారు. ఆమె మునిమనవడి కూతురు రెండో ఎలిజబెత్ రాణి 1983 నవంబర్ 20న, సరిగ్గా తన పెళ్లిరోజున, ఇదే చర్చిలో ప్రార్థనకు వచ్చారు. ఐర్లండ్ నుంచి వచ్చిన డేనియల్ మర్ఫీ అనే ఫాదర్ కట్టించిన సెయింట్ మేరీస్ 1850లో పూర్తయింది. 2008లో దానికి బాసిలికా హోదా దక్కింది.

ఈ పాత చర్చీల్లోకి వెళితే గోడల మీద పలకలే పలకలు. కర్నల్‌ ఫలానా, కెప్టెన్‌ ఫలానా. జ్వరానికి పోయినవాళ్లు, యుద్ధంలో పోయినవాళ్లు. ఒకనాడు ఆ పేర్లున్న మనుషులదే ఊరు. 1947 తర్వాత వాళ్ల పటాలాలు ఓడలెక్కి వెళ్లిపోయాయి. జెండా మారింది, జీతాలిచ్చే సర్కారు మారింది. చర్చి సామ్రాజ్యం మీదే నిలబడి ఉంటే దాంతోపాటే ఖాళీ కావాలి. కాలేదు. అవే గోడల మధ్య ఈ ఊరి మనుషులు మోకరించారు. ఇప్పటికీ మోకరిస్తున్నారు.

పేర్లు గోడమీద ఉండిపోయాయి. నిలబెట్టింది మాత్రం వేరే ఏదో ఉందన్నమాట.

* * *

పేర్లు వదులుకున్నారు

సికింద్రాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రైలెక్కితే దారిలో డోర్నకల్ జంక్షన్ వస్తుంది. చాలామందికి అక్కడ రైలు ఆగడమే గుర్తు. కానీ భారతీయుడైన మొదటి ఆంగ్లికన్ బిషప్ ఉన్న ఊరది. ఆయన వేదనాయకం శామ్యూల్ అజరయ్య. పుట్టింది తమిళనాట. 1912లో బిషప్ అయ్యారు. తెలుగు పల్లెల్లో తిరుగుతుంటే ఆయనకో సంగతి బాధించింది. ఈ ఊళ్లో ఆంగ్లికన్లు, పక్క ఊళ్లో మెథడిస్టులు, ఆపై బాప్టిస్టులు. ఇంగ్లండ్‌లోనో, అమెరికాలోనో ఎప్పుడో వచ్చిన తగాదాల పేర్లు! ఆ తగాదాతో మన పల్లె రైతుకూలీకి ఏం సంబంధం?

1919లో తమిళనాడులోని తరంగంబాడిలో 33మంది క్రైస్తవ పెద్దలు సమావేశమయ్యారు. దాదాపు అందరూ భారతీయులే. కలిసిపోదామన్నారు. అనుకున్నంత తేలిక కాలేదు. బిషప్ చేయి పెట్టి అభిషేకించని పాస్టరును పాస్టరుగా ఒప్పుకోవాలా వద్దా అన్న దగ్గరే ఏళ్లు గడిచాయి. చర్చలు 28 ఏళ్లు సాగాయి. ఆఖరికి, ఉన్నవాళ్లందరినీ ఉన్నట్టే అంగీకరించి, 30 ఏళ్లు సర్దుకోవడానికి గడువిచ్చుకున్నారు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం.. మనం సీఎస్‌ఐ అంటామే, అది పుట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు పాత పేర్లు పక్కన పెట్టారు. దేశానికి స్వాతంత్య్రం వచ్చి అప్పటికి ఆరు వారాలు!

అజరయ్య ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1నే కన్నుమూశారు. పునాది తవ్వినవాళ్లు గృహప్రవేశం దాకా ఉండరన్నమాట.

అందరూ కలిశారా? లేదు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు అప్పట్లో దూరంగా ఉండి 1975లో చేరారు. బాప్టిస్టులు, లూథరన్లు వేరుగానే ఉన్నారు. క్యాథలిక్కుల దారి వేరు. అయినా అన్ని శతాబ్దాల పేర్లను వదులుకోవడం చిన్న విషయం కాదు. బిషప్‌లున్న సంఘాలు, బిషప్‌లే అక్కర్లేదన్న సంఘాలు అలా ఒక్కటవడం ప్రపంచం అంతకుముందు ఎరగదు. సీఎస్‌ఐ మెదక్ డయోసిస్ కార్యాలయం ఉన్నది మన సికింద్రాబాద్‌లోనే.

* * *

కట్టేవాళ్లు వద్దన్న రాయి

పునాది అన్నమాట అందరికీ ఒకేలా వినపడదు. 1860ల్లో ప్రకాశం ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి ఉండేవారు. మాదిగ కులస్థుడు. బాప్టిస్టు విశ్వాసం పుచ్చుకుని, తనవాళ్ల గూడేలకు తానే ఆ మాట మోసుకెళ్లారు. ఆ తర్వాత 1876-78 నాటి ఘోర కరవు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఊరి బావిలో నీళ్లు తోడుకోనివ్వని రోజులవి. ఊరి వెలుపల నివాసం. అలాంటి మనిషికి, కట్టేవాళ్లు పనికిరాదని పారేసిన రాయే మూలకు తలరాయి అయిందని బైబిల్లో ఉందని చెబితే ఎలా ఉంటుంది? అదేదో పరాయి కథలా ఉండదు. తన కథే. క్రీస్తు పునాది అంటే ఆయనకు తెలిసిన అర్థం ఒకటే... పారేసినవాడు పారేసినట్టు ఉండిపోడు.

అందుకే ఈ మాటకు జవాబుదారీ కూడా ఉంది. చర్చి లోపల కూడా కులం పేరుతో జట్లు కట్టిన సందర్భాలు, ఎన్నికల్లో, ఆస్తుల దగ్గర కోర్టుకెక్కిన సందర్భాలు లేకపోలేదు. కాదనడానికి లేదు. పారేసిన రాయి మీద నిలబడ్డవాళ్లు ఇంకొకరిని పారేస్తే? పౌలు చెప్పిన గడ్డి అదేనేమో!

* * *

ఇంతకీ ఆ కొత్త హాలు ఏమైందంటారా? పూర్తయింది. తర్వాత ఓసారి వెళ్లాను. ఫలకం ఉంది. దానిమీద తారీఖు ఉంది, ఒక బైబిల్ వాక్యం సంఖ్య ఉంది. పేరు ఒక్కటీ లేదు. ''పేర్లు రాస్తే అందరివీ రాయాలి, లేకపోతే ఎవరివీ వద్దు అని తేల్చారు'' అన్నాడు మిత్రుడు. పునాది తవ్విన రోజు పెద్దాయన చెప్పినట్టే అందరూ వచ్చారట. కమిటీ అధ్యక్షుడు కూడా ఓ తట్ట మట్టి మోశాడట.

''ఎంత లోతు తవ్వారు?'' అని అడిగాను ఆ పెద్దాయనను.

''బండ తగిలేదాకా'' అన్నారాయన, పలక వైపు చూడకుండానే.