తెరిచే ముందు ఫైలు తోక చూడాలి!

రైతుకు పీఎం కిసాన్ పేరిట, వాహనదారుకు ట్రాఫిక్ చలానా పేరిట, ఖాతాదారుకు బ్యాంకు కేవైసీ పేరిట, బంధుమిత్రులకు పెళ్లి శుభలేఖ పేరిట సెల్‌ఫోన్లకు వచ్చి చేరుతున్న ఫైళ్లలో కొన్ని అసలు పత్రాలే కావు. అవి ప్రోగ్రాములు. పత్రమని నమ్మి తెరిచినవారికి ఖాతాలో సొమ్ము మాయమయ్యాక గాని అసలు సంగతి బోధపడటం లేదు. వీటిపై కొన్నేళ్లుగా రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు పదేపదే హెచ్చరిస్తున్నా మోసపోయేవారు మోసపోతూనే ఉన్నారు.

ఇందుకు బాధితుల అమాయకత్వాన్నే తప్పుపట్టడం సమంజసం కాదు. 'తెలియని ఫైలు తెరవవద్దు' అన్న సలహాలోనే లోపం ఉంది. హాల్‌టికెట్టు, కరెంటు బిల్లు, భూమి పత్రాల నకలు, పాఠశాల నోటీసు... ఇవన్నీ నేడు ఫైళ్ల రూపంలోనే వస్తున్నాయి. తెరవకుండా పూట గడవని పరిస్థితుల్లో ఏది తెరవవచ్చో, ఏది తెరవకూడదో గుర్తించే విద్యే ప్రజలకు కావలసింది.

చదివేవి వేరు, నడిచేవి వేరు

కంప్యూటరు ఫైళ్లను స్థూలంగా రెండు జాతులుగా విభజించవచ్చు. చదవడానికో, చూడడానికో, వినడానికో ఉద్దేశించినవి మొదటి జాతి. పీడీఎఫ్, జేపీజీ, ఎంపీ3 వంటివి ఈ కోవలోకి వస్తాయి. యంత్రానికి ఆజ్ఞలిచ్చి పని చేయించేవి రెండో జాతి. విండోస్ కంప్యూటర్లలో ఈఎక్స్‌ఈ, ఎంఎస్‌ఐ, వీబీఎస్, బ్యాట్. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏపీకే ఇటువంటివి. ఫైలు పేరులో చివరి చుక్క తరువాత ఉండే ఈ అక్షరాలే దాని తోక. పేరు ఎంత ఘనంగా ఉన్నా జాతిని చెప్పేది తోకే. శుభలేఖను ఎవరూ ఏపీకేగా పంపరు; చలానా ఈఎక్స్‌ఈగా రాదు. పేరుకూ తోకకూ పొంతన కుదరకపోతే అక్కడే ఆగిపోవాలి.

పాతికేళ్ల నాటి ఎత్తుగడ

ఈ మోసం కొత్తది కాదు. 2000 మే నెలలో ఫిలిప్పీన్స్‌లో పుట్టిన 'ఐ లవ్ యూ' వైరస్ ప్రేమలేఖ రూపంలో ఈ-మెయిళ్లకు చేరింది. ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని, దాని తరువాత వీబీఎస్ అని రెండు తోకలుండేవి. విండోస్ చివరి తోకను దాచిపెట్టడంతో జనానికి మొదటిదే కనిపించింది. మామూలు పాఠమనుకొని తెరవగానే లోపలి ప్రోగ్రాము నడిచి, బాధితుల చిరునామా పుస్తకంలోని వారందరికీ తనను తానే పంపుకొంది. కొద్దిరోజుల్లోనే ప్రపంచవ్యాప్తంగా లక్షలాది కంప్యూటర్లు దీని వాత పడ్డాయి. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు.

నాటి ఉదంతం నేర్పిన మరో పాఠం నేటికీ వర్తిస్తుంది. ఆ లేఖలు అపరిచితుల నుంచి కాక, తెలిసినవారి చిరునామాల నుంచే వచ్చాయి. ఇప్పుడు కూడా దుండగుల చేతికి చిక్కిన వాట్సప్ ఖాతాల నుంచి బంధువులకు, కుటుంబ గ్రూపులకు ఏపీకేలు చేరుతున్నాయి. కాబట్టి పంపినవారు పరిచితులన్నంత మాత్రాన ఫైలు పరిచితం కాదు.

ఏపీకే లోపల జరిగేది

ఏపీకే ఫోనులోకి దిగినంత మాత్రాన సాధారణంగా నష్టం ఉండదు. దానిని ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇచ్చినప్పుడే ముప్పు మొదలవుతుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, ప్లే స్టోర్‌కు వెలుపలి యాప్‌లను ఇన్‌స్టాల్ చేయాలంటే ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవలసి ఉంటుంది. ఈ హెచ్చరిక తెరపై కనిపించడమే తిరిగి వెనక్కు వెళ్లడానికి మంచి అవకాశం. దానిని దాటితే యాప్ ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి కోరుతుంది. అది దక్కితే బ్యాంకు పంపే ఓటీపీ ఖాతాదారు కంటే ముందే మోసగాడికి చేరుతుంది. 'ఓటీపీ ఎవరికీ చెప్పలేదు, అయినా డబ్బు పోయింది' అని బాధితులు వాపోవడం వెనుక ఉన్న కారణం ఇదే. ఇక 'యాక్సెసిబిలిటీ' అనుమతి కూడా ఇస్తే తెరపై కనిపించేది చూడడం, మీటలు నొక్కడం సైతం ఆ యాప్ వశమవుతాయి.

తెరుచుకోని ఫైలుతో మరో ముప్పు

తెలియని ఫైలు అంతా శత్రువనుకోవడమూ పొరపాటే. 2017 నుంచి ఐఫోన్లు ఫొటోలను హెచ్‌ఈఐసీ అనే రకంలో భద్రపరుస్తున్నాయి. విదేశాల్లోని పిల్లలు పంపిన అటువంటి ఫొటో ఊళ్లోని పాత కంప్యూటరులో తెరుచుకోకపోవచ్చు. డీటీపీ కేంద్రంలో తయారైన పేజ్‌మేకర్ ఫైలు ఇంటి కంప్యూటరుకు అంతుపట్టదు. ఇవి నిరపాయకరమైనవే. అయితే వీటిని తెరవాలన్న తొందరలో అంతర్జాలంలో 'ఉచిత కన్వర్టర్' కోసం వెతికి, కంటబడిన ప్రోగ్రామునల్లా దించుకోవడంతో అసలు ప్రమాదం మొదలవుతుంది. ఉచితంగా ఫైళ్లు మార్చిపెడతామనే సైట్ల ద్వారా హానికర ప్రోగ్రాములు వ్యాపిస్తున్నాయని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించడం గమనార్హం. ఫొటోను జేపీజీగా, పత్రాన్ని పీడీఎఫ్‌గా మార్చి మళ్లీ పంపమని పంపినవారినే కోరడం దీనికి సులువైన మార్గం.

పరీక్షించే పద్ధతి

విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో 'ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్' అన్నదానిని ఎంచుకుంటే దాగిన తోకలన్నీ బయటపడతాయి. ప్రతి కంప్యూటరులో చేయవలసిన మొదటి పని ఇది. అప్పటికీ అనుమానం తీరకపోతే ఫైలుపై రెండుసార్లు నొక్కకుండా, ముందుగా నోట్‌ప్యాడ్‌ను తెరిచి, అందులోంచి ఆ ఫైలును తెరవవచ్చు. లోపల అర్థం కాని గీతలే కనిపించినా, మొదటి అక్షరాలు జాతిని పట్టిస్తాయి. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు వెంట పీడీఎఫ్ అన్న ఆంగ్లాక్షరాలుంటాయి. విండోస్ ప్రోగ్రాము అయితే ఎం, జెడ్ అక్షరాలుంటాయి. జిప్, ఏపీకే, కొత్త వర్డ్ ఫైళ్లు పీ, కే అక్షరాలతో మొదలవుతాయి. పీడీఎఫ్ అన్న పేరుతో వచ్చిన ఫైలు ఎం, జెడ్‌లతో మొదలైతే ఇక చర్చ అనవసరం.

గూగుల్‌కు చెందిన వైరస్‌టోటల్ సైటులో ఫైలును ఉంచితే అనేక యాంటీవైరస్‌లు ఒకేసారి పరీక్షిస్తాయి. అయితే అక్కడ ఉంచిన ఫైళ్లు భద్రతా సంస్థలకూ అందుబాటులోకి వెళతాయి కనుక ఆధార్, బ్యాంకు పత్రాలను అందులో పెట్టరాదు. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరిచినప్పుడు 'ఎనేబుల్ కంటెంట్' అని అడిగితే అంగీకరించరాదు. పాస్‌వర్డ్ పెట్టిన జిప్ ఫైలును, ఆ పాస్‌వర్డ్‌తో సహా అపరిచితులు పంపితే మరింత అప్రమత్తంగా ఉండాలి. తాళం వేసిన ఫైలు లోపలికి యాంటీవైరస్ చూపు చేరదు. పీడీఎఫ్ సైతం పూర్తిగా నిర్దోషి కాదు. అందులోని లింకులు మోసపు సైట్లకు దారితీయవచ్చు.

బాధ్యత ప్రజలదేనా?

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'మన మిత్ర' పేరిట వాట్సప్‌లో పౌరసేవలు ప్రారంభించింది. ప్రజలకు ఇది మేలే. కానీ ప్రభుత్వం వాట్సప్‌లో పలకడం మొదలైన నాటి నుంచి, ప్రభుత్వం పేరు చెప్పుకొని వచ్చే ఫైలు కూడా నమ్మదగినదిగానే తోస్తుంది. ఈ పరిస్థితుల్లో అసలుకూ నకిలీకీ తేడా తెలిపే భారమంతా పౌరుడి నెత్తిన వేయడం న్యాయం కాదు. తాము ఏయే రకాల ఫైళ్లు పంపుతామో, ఏవి ఎన్నటికీ పంపబోమో ప్రతి శాఖ, ప్రతి బ్యాంకు తెలుగులో స్పష్టంగా ప్రకటించాలి. సచివాలయాలు, మీసేవ కేంద్రాలు, బ్యాంకు శాఖలు, రైతు సేవా కేంద్రాల గోడలపై 'ఏపీకే పంపం, పంపితే మాది కాదు' అన్న ఒక్క వాక్యం రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

పొరపాటున తెరిస్తే...

అనుమానాస్పద యాప్ ఇన్‌స్టాల్ అయిందని గుర్తించిన వెంటనే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వై-ఫై కూడా ఆపాలి. మరో ఫోను నుంచి బ్యాంకుకు తెలిపి ఖాతా లావాదేవీలు నిలిపివేయించాలి. సొమ్ము పోయి ఉంటే 1930 నంబరుకు ఫోను చేయడమో, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయడమో తక్షణం జరగాలి. దోచుకున్న సొమ్ము నిమిషాల్లో ఖాతాలు మారిపోతుంది కనుక ఫిర్యాదు ఎంత త్వరగా అందితే దానిని మధ్యలో స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ. పరువు పోతుందని దాచుకుంటే మిగిలేది నష్టమే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అవస్థ రాకూడదంటే ఫైలు తోక చూడడానికి పట్టే ఆ రెండు క్షణాలు వెచ్చించక తప్పదు.